పూతకు ముందు

చర్లపల్లి ఫేజ్ టూలో మా షెడ్డు.
పక్కన బిస్కెట్ల కంపెనీ,
పొద్దున్నే నెయ్యి కాని నెయ్యి వాసన.
లోపల మేం రేకులను గరుకు చేస్తాం.

రేకులంటే ఇనప రేకులు కావు.
సిలికాన్ కార్బైడ్ దారాలను బట్టలా నేసి,
సందుల్లో ఆ పదార్థమే నింపి,
కాల్చి, మళ్లీ కాల్చి పంపినవి.
అరచేతి వెడల్పు. బొగ్గు నలుపు.
రేపెప్పుడో ఓ ఇంజను గొంతులో
ఉక్కు మెత్తబడే చోట నిలబడాలి.

వేడికి భయపడవు.
ఆవిరికి భయపడతాయి.
మండే గాలిలోని నీటి ఆవిరి
పైపొరను నాకుతుంది, రోజుకింత,
చీమలు బెల్లపు అచ్చును తిన్నట్టు.
అందుకని పైన పూత.
పూత పట్టాలంటే కింద గరుకు.

ఖుద్దూస్ చాచాది హుస్సేనీ ఆలం.
చిన్నప్పుడు వాళ్ల అబ్బా వెంట గల్లీ గల్లీ తిరిగి
"కళాయీ" అని కేకేసిన గొంతు.
పెళ్లిళ్ల సీజన్లో రాగి దేగ్చాల్లో
ఇసుకా చింతపండు పిప్పీ వేసి,
గోడ పట్టుకుని లోపల నిలబడి,
మడమల మీద గిర్రున తిరుగుతూ తోమేవాడట.
"సరిగ్గ తోమకపోతే తగరం పట్టదు బేటీ,
నవ్వి జారిపోతది."
ఎమ్‌టెక్‌లో నాకు దీని మీదే
ఇరవై మార్కుల ప్రశ్న వచ్చింది.
పదమూడు వేశారు.

ఇప్పుడు అద్దాల పెట్టెలోకి చేతులు దూర్చి
అల్యూమినా రవ్వను గాలితో కొడతాడు.
ఒత్తిడి పెరిగితే దారాలు తెగుతాయి,
మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటులా
అల్లిక బయటపడుతుంది.
తగ్గితే నున్నగా మిగిలి
పూతను నిలవనివ్వదు.
ఆ రెంటి మధ్య సందు
చాచా మణికట్టుకు తెలుసు.
నా మీటరు ముల్లుకు కాసేపయ్యాక తెలుస్తుంది.

తర్వాత స్నానాలు.
సన్నగా కీచుమనే తొట్టిలో అసిటోన్,
ఆపైన ఆల్కహాల్, ఆపైన ఓవెన్.
ఇక ఎవరూ ముట్టకూడదు.
రేకు మడి కట్టుకున్నట్టే.
ఉత్త చేయి తగిలితే చెమటలోని ఉప్పు
కొలిమిలో కరిగి పూత కిందికి పాకుతుంది.
గోడ మీద రాయించింది నేనే, మూడు భాషల్లో:
గ్లౌజులు లేకుండా తాకరాదు.

జూన్‌లో ఒక రేకు తిరిగొచ్చింది.
నాలుగొందల సార్లు కాగి, చల్లారి.
అంతటా పూత నిక్షేపం,
ఒక్క మూల తప్ప.
ఆ మూల పెచ్చు లేచింది,
సుడులు సుడులుగా.
మైక్రోస్కోపు అక్కర్లేదు.

వేలిముద్ర.

"ఎవరిదో తేల్చండి" అన్నాడు మేనేజరు నర్సింగరావు.
అందరి చూపూ ఒకవైపే వెళ్లింది.
నాది కూడా.

చాచా మాట్లాడకుండా
రెండు బొటనవేళ్లూ బల్ల మీద పెట్టాడు.
తోమీ తోమీ గాజులా నున్నబడ్డాయి.
రేషన్ షాపు మిషన్
మూడేళ్లుగా ఆయన్ని ఎవరో అనుకుంటోంది.

మిగిలింది స్టాంపు ప్యాడు.
వరసగా ముగ్గురం ఒత్తాం.
నా వంతుకే సుడి కుదిరింది,
ఎడమ పక్క కత్తిపీట గాటుతో సహా.

మార్చిలో కరెంటు పోయిన సాయంత్రం.
డెలివరీకి వ్యాను బయట హారన్ కొడుతోంది.
ఓవెన్లోంచి తీసిన రేకు మీద వేలు పెట్టి, ఒత్తి ఒత్తి
"ఇక్కడ చాల్లేదు చాచా, ఇక్కడ, కనబడట్లేదా"
అని అరిచింది నేనే.

"చూసినవు కదా, చెప్పలేదేం?"
"చెప్దామనుకున్న. మీరు గరమ్ మీద ఉంటిరి."
అని, కాసేపాగి,
"గది దాంట్ల తప్పు చూపెట్టిన వేలు బేటీ,
గుర్తు పెట్టుకున్నది."

రిపోర్టులో 'కారణం' అనే గడి చాలా చిన్నది.
ఇంటిపేరుతో సహా నా పేరు పట్టింది.

సంతకం చేసి తలెత్తేసరికి
చాచా ఆ రేకును పెట్టెలోకి దించాడు.
మళ్లీ మొదటి నుంచి.
బయట చినుకులు,
లోపల రవ్వ,
రెండూ ఒకే చప్పుడు.
అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాను,
నా సుడులు ఒక్కొక్కటే
మసిలా రాలడం.